మార్కాపురం పలక: చెరిపి రాసుకొనే సాధనాల చరిత్ర

నల్లమల కొండలకు తూర్పున గిద్దలూరు, కంభం, మార్కాపురం, త్రిపురాంతకం వరకు పరచుకున్న పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో రాత చాలాకాలం రెండు తెగలుగా ఉండేది. దానం, హక్కు, పన్ను వంటి నిలిచి ఉండవలసిన విషయాలు గుడి గోడల మీదికో తాటాకుల మీదికో ఎక్కేవి. చదువు, చిల్లర లెక్క, బేరం వంటి పూట గడిచే విషయాలు చెరిపివేయదగిన వస్తువుల మీద రాయబడి, పని తీరగానే మాసిపోయేవి. త్రిపురాంతకేశ్వరాలయంలోని శాసనాలు, వాటిలోనూ కాకతీయుల కాలానికి చెందినవి, మొదటి తెగకు చక్కని నిదర్శనాలు కాబట్టి చరిత్రకారుల దృష్టి సహజంగా వాటి మీదనే నిలిచింది. రెండో తెగ రాతలో దాదాపు ఏదీ మిగలకపోవడం వల్ల దాని చరిత్రను రాసిన మాటల నుంచి కాక, రాయడానికి వాడిన వస్తువుల నుంచే తెలుసుకోవలసి వస్తుంది. ఆ వస్తువులలో మార్కాపురం రాతిపలక అన్నిటికంటె ఎక్కువ దూరం ప్రయాణించినది.

నిలిచే రాత ఎవరి చేతిలో ఉండేదో ముందుగా గమనించాలి. గ్రామ భూముల కొలతలు, శిస్తు బాకీలు, మాన్యాల వివరాలు కరణం దగ్గర కవిలె రూపంలో ఉండేవి. కవిలె అంటే ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసిన తాటాకుల మీద గంటం అనే ఇనుప మొనతో అక్షరాలు గీసి, గీతలలో మసి నింపి, తాడుతో గుచ్చి కట్టిన లెక్కల కట్ట. దీనిని దిద్దడం కష్టం, మార్చితే ఆనవాలు కనిపిస్తుంది, అందువల్ల నమ్మకం ఎక్కువ. కానీ ఆ కట్ట ఉండేది కరణం ఇంట్లో. అందులోని సంకేతాలు, కొలతల పద్ధతులు తెలిసినది కూడా వంశపారంపర్యంగా ఆ పనిలో ఉన్నవారికే. కర్నల్ కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులు మొదలైనవారు ఊరూరా గ్రామ చరిత్రలను, అనగా కైఫియతులను, సేకరించినప్పుడు వారు ఆధారపడినది చాలావరకు ఈ కవిలెల మీదనే. రైతు తన పొలం గురించి రాసి ఉన్నదేమిటో తెలుసుకోవాలంటే కరణాన్ని అడగవలసిందే తప్ప స్వయంగా చూసి చదువుకొనే అవకాశం తక్కువ. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసేనాటికి తాటాకు పోయి కాగితం వచ్చి చాలాకాలమైనా, రికార్డు ఒకరి ఇంటి వస్తువుగా ఉండే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

చెరిగే రాత గురించి మనకున్న వర్ణనలలో చాలా విలువైనది 1823 నాటిది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాలలో కంభం, మార్కాపురం ప్రాంతాలు కూడా ఉన్నాయి. అవి మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాలో చేరాయి. ఆ మండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో మద్రాసు ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలలన్నిటి వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. 1826లో ఆయన ముగింపు నివేదిక రాసేనాటికి లెక్కకు వచ్చిన బడులు 12,498. కలెక్టర్లలో చాలామంది అంకెలు నింపి ఊరుకోగా, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం పిల్లలు దేని మీద, దేనితో రాస్తున్నారో కూడా శ్రద్ధగా నమోదు చేశాడు. బళ్ళారి దత్త మండలాలలో భాగమే కనుక ఆ వర్ణనను ఈ ప్రాంతానికి అన్వయించడంలో పెద్ద సాహసం లేదు.

క్యాంబెల్ చెప్పిన ప్రకారం పిల్లవాడు మొదట నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. ఆ తరువాత తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో రాయవచ్చు గాని, ఎక్కువ వాడుకలో ఉన్నవి వేరే రెండు. వాటిలో ఒకటి కొయ్యపలక: సుమారు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్కను చిత్రిక పట్టి, బియ్యం, బొగ్గుపొడి కలిపి పూస్తే రాతకు సిద్ధమవుతుంది. రెండోది కడితం: గుడ్డకు గంజి పెట్టి బిరుసుగా చేసి, పుస్తకంలా మడతలు వేసి, దాని మీద బొగ్గు, బంకలు కలిపిన పూత పూసినది. రెంటి మీదా తెల్లని మెత్తరాతి ముక్కతో, అంటే బలపంతో, రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. ఈ కడితాన్ని బడిపిల్లలే కాక వర్తకులు కూడా లెక్కలకు వాడేవారు. మడతలు ఉండడం వల్ల పుటలు ఉన్నాయి, పుటలు ఉండడం వల్ల నిన్నటి లెక్క ఇవాళ కూడా చూడవచ్చు, పని తీరిన పుటను తుడిచి మళ్ళీ వాడుకోవచ్చు. నేడు నోట్స్ రాసుకొనే సాధనం నుంచి ఆశించే గుణాలన్నీ దాదాపుగా అందులో ఉన్నాయనడం అతిశయోక్తి కాదు. అయినా దాని గురించి తెలుగు చదువరులకు ఈనాడు తెలిసినది చాలా తక్కువ. మన్నిక లేని గుడ్డ కాబట్టి ప్రదర్శనశాలలకు చేరినవి కొద్దే. బడి పరికరాల గురించి రాసేవారు సాధారణంగా తాటాకు నుంచి నేరుగా కాగితానికి దూకుతారు.

కొయ్యపలక వారసత్వం రాతిపలకకు ఒక చిత్రమైన దారిలో వచ్చింది. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో దిద్దుతూ, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుతూ ఉండడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దాని గురించి పుస్తకం ప్రచురించాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ దాదాపు అటువంటి విధానంతోనే వందలాది పేదపిల్లలకు ఒకేచోట చదువు చెప్పుతూ, కాగితం ఖర్చు తప్పించడానికి రాతిపలకలను విరివిగా వాడాడు. తరువాతి కాలంలో మిషనరీ పాఠశాలలతోను, ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చిన బడులతోను రాతిపలక మన ఊళ్ళలోకి వచ్చింది. చెరిపి రాసుకొనే అలవాటు ఇక్కడిదే, బలపమూ ఇక్కడిదే. కొత్తగా వచ్చినదల్లా పూత పూయనక్కరలేని, సంవత్సరాల తరబడి వాడగల రాయి.

ఆ రాయి మార్కాపురం పరిసరాలలో పుష్కలంగా ఉంది. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలా సముదాయాల గురించి ప్రచురించిన బృహద్గ్రంథంలో వర్ణించిన నల్లమల వర్గపు పలకరాళ్ళకు కంభం పేరే స్థిరపడింది. ఇప్పటికి వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఒక సముద్రం అడుగున పేరుకున్న సన్నని బురద, ఆ తరువాత భూమి పొరలు ముడతలు పడినప్పుడు కలిగిన ఒత్తిడికి గట్టిపడి, అందులోని అభ్రకం వంటి రేకు ఖనిజాలన్నీ ఒకే దిశకు తిరిగి అమరాయి. అందువల్ల ఆ రాయి దెబ్బ తగిలితే ముక్కచెక్కలు కాకుండా రేకులుగా విడిపోతుంది. ఈ విడిపోయే గుణం బురద పేరుకున్న పొరల వల్ల కాక తరువాతి ఒత్తిడి వల్ల వచ్చినది కాబట్టి, చాలాచోట్ల రేకులు అసలు పొరలకు అడ్డంగా లేస్తాయి. గని నుంచి తీసిన దిమ్మెను ఏ అంచున ఉలి పెట్టి ఎంత మెల్లగా సుత్తితో తట్టాలో తెలియడమే పనివాని నేర్పు. అలా విడదీసిన రేకును కొలతకు కోసి, రెండు వైపులా నునుపుగా అరగదీసి, చుట్టూ కొయ్య చట్రం బిగిస్తారు. చిన్న పిల్లల పలకలకు పై చట్రంలో తీగ కట్టి, లెక్కపెట్టడానికి రంగు పూసలు గుచ్చేవారు. రాయి కంటె మెత్తనిది కావడం వల్ల బలపం అరిగి తెల్లని గీత వదులుతుంది. అది రాతిలో దిగదు కనుక తడిచేత్తో తుడిస్తే పోతుంది. పొరుగున బేతంచెర్ల ప్రాంతంలో దొరికే స్టియటైట్, అనగా బలపపురాయి, ఇటువంటి మెత్తని ఖనిజమే.

కొండరాయి ఉన్నంత మాత్రాన పరిశ్రమ పుట్టదు. గుంటకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా బెజవాడ వైపు వెళ్ళే మీటరు గేజి రైలుమార్గం 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో పడిన తరువాతనే బరువైన, పగిలిపోయే స్వభావమున్న ఈ సరుకు దూరప్రాంతాలకు పోగలిగింది. 20వ శతాబ్దిలో ప్రాథమిక పాఠశాలలు పెరిగేకొద్దీ గిరాకీ పెరిగి, 'పలకల మార్కాపురం' అనే పేరు రాష్ట్రమంతటా వ్యాపించింది. వానాధారపు సేద్యమే దిక్కైన ఈ కరువు సీమలో గనులు, పలకల కార్ఖానాలు వేలాది కుటుంబాలకు పొలంపనులు లేని రోజుల్లో కూలి చూపాయి.

ఆ కూలికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. పలకరాయి ధూళిలో సిలికా ఉంటుంది. కోతలోను, అరగదీతలోను లేచే ఆ ధూళిని ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడి, తిరిగి నయం కాని సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. ఇళ్ళ దగ్గరా కార్ఖానాలలోనూ పిల్లలు కూడా ఈ పనిలో ఉండేవారు. 1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం, 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాక, ఆ విధానం కింద దేశంలో మొదటగా ప్రత్యేక పథకాలు చేపట్టిన కొద్ది ప్రాంతాలలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుపని, మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ పలక పరిశ్రమలతో పాటు మార్కాపురం పలక పరిశ్రమ కూడా ఉంది. దేశపు పిల్లలకు అక్షరం అందించిన వస్తువు తయారీలో బడికి పోని పిల్లలుండడాన్ని ఈ పరిశ్రమ చరిత్ర నుంచి తప్పించి చెప్పడం సాధ్యం కాదు.

పలక రాతకు ఒక పరిమితి ఉంది. రెండు ముఖాలు నిండగానే చెరపవలసిందే కాబట్టి, చెరిపే లోపల పాఠం నోటికి రావాలి. ఎక్కాలు, శతక పద్యాలు కంఠస్థం చేయించే బోధనా పద్ధతికి పలక సరిగ్గా అతికింది. రాసుకున్నదానిని దాచుకొని, మళ్ళీ చూచి, మరొకదానితో కలుపుకొనే చదువుకు అది పనికిరాదు. గీతల నోటుపుస్తకం చవకై పల్లెలకు చేరడంతో మొదటిసారిగా సామాన్యుని చేతిరాత నిలిచింది. ఆ తరువాత రాతిపలకను రేకు పలకలు, అట్ట పలకలు, ప్లాస్టిక్ పలకలు వరుసగా వెనక్కి నెట్టాయి. అవి జారిపడినా పగలవు, పిల్లవాని సంచికి బరువు కావు. మార్కాపురం గనుల రాయి ఇప్పుడు ఎక్కువగా నేలకు పరిచే, గోడలకు తాపడం చేసే పలకలుగా నలుపు, బూడిద, ఆకుపచ్చ, రాగి రంగులలో విదేశాలకు పోతోంది. అక్షరాభ్యాసానికి మాత్రం పలక, బలపం ఇంకా కావాలి.

కంప్యూటరు వచ్చాక చెరిగే రాత, నిలిచే రాత ఒకే వస్తువులో కలిశాయి. తెరమీది వాక్యాన్ని పలక మీదిలాగా తుడిచివేయవచ్చు, కవిలెలోలాగా దాచిపెట్టవచ్చు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచినప్పుడు ఈ ప్రాంతపు పిల్లలకు కూడా అటువంటి వస్తువు అందింది. వాటిని నడిపే ఆండ్రాయిడ్‌కు ఆధారం లినక్స్. అంటే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, ఎవరైనా చూచి మార్చుకొనే హక్కున్న మూలకోడు. అయితే ఆధారం స్వేచ్ఛగా ఉన్నంత మాత్రాన పైన రాసుకొనేది కూడా స్వేచ్ఛగా ఉంటుందని కాదు. హైదరాబాదులో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' వంటి సంస్థలు తెలుగులో లినక్స్‌ను ప్రచారం చేస్తూ మొదటి నుంచీ ఎత్తిచూపుతున్న తేడా ఇదే.

తెలుగువారికి ఈ తేడా అనుభవంలోకి వచ్చినది ముందుగా ఫాంట్ల రూపంలో. యూనికోడ్, అనగా ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య కేటాయించే ప్రమాణం, 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా అచ్చుపని చాలాకాలం 'అను' వంటి ప్రత్యేక ఫాంట్లతో సాగింది. వాటిలో 'క' స్థానంలో నిజంగా ఉండేది ఏదో ఒక రోమన్ గుర్తు. ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థం లేని గుర్తుల వరుస. కరణం చేతిలోని కవిలెకూ ఇటువంటి ఫైలుకూ ఇబ్బంది ఒకటే: రాత ఉంటుంది గాని, దాచిన వ్యవస్థ తోడు లేకుండా చదవలేము. లినక్స్‌లో నోట్స్ రాసుకోదలచిన తెలుగువారు ముందు చూడవలసినది ఆకర్షణలను కాక ఈ ఒక్క సంగతినే. జిమ్, 2003 నాటి ఆర్గ్ మోడ్ అనే సాధనాలు నోట్సును మామూలు పాఠపు ఫైళ్ళుగానే ఉంచుతాయి. అబ్సిడియన్ మూలకోడు బహిరంగం కాకపోయినా, అది రాసే మార్క్‌డౌన్ ఫైళ్ళు, అంటే శీర్షికలనూ జాబితాలనూ సాధారణ గుర్తులతోనే సూచించే పాఠం, ఏ ఎడిటరులోనైనా తెరుచుకుంటాయి. జోప్లిన్ స్వేచ్ఛా సాఫ్టువేరే అయినా నోట్సును తన డేటాబేసులో పెట్టుకుంటుంది గనుక అప్పుడప్పుడు మార్క్‌డౌన్‌గా ఎగుమతి చేసి ఉంచుకోవాలి. ఏది ఎంచుకున్నా 'స్త్రీ', 'శాస్త్ర' వంటి మాటలలో ఒత్తులు సరిగా కూడుతున్నాయో లేదో, వెతికినప్పుడు ఆ మాటలు దొరుకుతున్నాయో లేదో మొదటి పుటలోనే పరీక్షించి, అదే ఫైలును వేరొక ఎడిటరులో తెరిచి చూడడం మేలు.