పదకొండో సెక్షన్‌కు ఒక టీక

చిప్పగిరి నుంచి సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయినవాళ్లు గుంటూరు మిరప చేలల్లోంచి ఇంటికి ఫోను చేస్తారు. ఇంటి దగ్గర ముసలివాళ్ల చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోను. వాళ్లు నెట్ ముట్టరు, అయినా 2024 దాకా రీచార్జిలో దాని డబ్బూ కలిసే పోయేది. ఆ ధర తేల్చే అధికారం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి సంబంధించిన 1997 నాటి చట్టం పదకొండో సెక్షన్‌లో ఉంది. అందులో నాలుగు మాటలు చూద్దాం.

‘వచ్చు’: ధరలు ట్రాయ్ ప్రకటించవచ్చు అన్నారే గానీ, ప్రకటించి తీరాలి అనలేదు. మొబైల్ ధరలను చాలా ఏళ్లుగా కంపెనీలకే వదిలేసింది; వాళ్లు పెట్టుకుని, తర్వాత ట్రాయ్‌కి తెలపాలి. చేతులు కట్టుకు కూర్చోవడం వేరు, చేతులు లేకపోవడం వేరు.

‘వేరు ధర’: ఒకే రకం సేవకు ఒక్కొక్కరికి ఒక్కో ధర కట్టవచ్చు, కానీ కారణం రాసిపెట్టాలి. కొన్ని సైట్లను మాత్రం ఉచితంగా చూపే ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ మీద రగడ తర్వాత, 2016 ఫిబ్రవరి 8న, చూసే సైటును బట్టి డేటా ధర మార్చకూడదని ట్రాయ్ నిబంధన తెచ్చింది. అప్పట్లో ఫ్రీ బేసిక్స్‌ను సమర్థిస్తూ లక్షల్లో వచ్చిపడ్డ ఒకే మూస ఉత్తరాల్లో తానడిగిన ప్రశ్నలకు జవాబే లేదని విసుక్కుంది కూడా.

‘అనుసంధానం’: ఒక కంపెనీ ఫోను నుంచి మరో కంపెనీ ఫోనుకు కాల్ పోతే, అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంతని చెల్లించే పైకం. 2017 అక్టోబరులో 14 పైసలు 6 అయింది, 2021 జనవరి 1 నుంచి సున్నా.

‘పారదర్శకత’: ట్రాయ్ తన పనిని పారదర్శకంగా చేయాలని సెక్షన్ అంటుంది. అసలు కథ ఇక్కడుంది. మధ్యలో తెగిన ప్రతి కాల్‌కూ రూపాయి, రోజుకు మూడు దాకా, 2016 జనవరి నుంచి వినియోగదారుడికి ఇవ్వాలని ట్రాయ్ అంది. ఆ ఏడే మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు వాదన ఇది: కొంత శాతం కాల్స్ తెగినా ఫర్వాలేదని నాణ్యత నిబంధనే ఒప్పుకుంటున్నప్పుడు, తప్పు ఎవరిదో చూడకుండా దండుగ వేయడమేమిటి? కంపెనీలు చెప్పిన అభ్యంతరాలకు సరైన జవాబేదీ? అభిప్రాయాలు అడగడంతోనే పారదర్శకత అయిపోదు, వాటిని ఎందుకు తీసుకున్నారో ఎందుకు తోసేశారో చెప్పాలి. ఇలాంటి పద్ధతికి అమెరికాలో ఉన్నట్టు చట్టం చేయమని కోర్టు పార్లమెంటుకూ సూచించింది. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కేవాడికి ఆ తీర్పు చేదే. తర్కం మాత్రం సరైనది.

2024లో ట్రాయ్ కోర్టు చెప్పిన ఆ దారే పట్టింది. జులైలో చర్చాపత్రం వేసింది, వాదనలు విన్నది, డిసెంబరు 23న నిబంధన తెచ్చింది: నెట్ లేకుండా మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే వోచరు ఒక్కటైనా ప్రతి కంపెనీ అమ్మాలి; వోచరు గడువు 90 రోజులు దాటి 365 దాకా ఉండవచ్చు. దాని ధర ఎంతో మాత్రం రాయలేదు. అది కంపెనీ చేతిలోనే ఉంది.