రాజు వేషం కట్టిన ఆడబిడ్డలు

మా ఎల్లారెడ్డి దిక్కు ఊళ్లల్లో చిందు భాగోతం ఆడిన రాత్రి, మీసం దిద్దుకొని, కిరీటం పెట్టుకొని, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ తెర దాటి వచ్చే రాజు చాలాసార్లు ఆడమనిషే. అది చూసి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. కోస్తా నాటకరంగంలో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి చరిత్రకెక్కారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారూ అదే సత్యభామతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మగవాళ్లు ఆడవేషం కట్టడం గొప్ప విద్యే, కాదనను. ఆడవాళ్లు మగవేషం కట్టడం కూడా అంత విద్యే. దాని పేరు మాత్రం మా ఊళ్ల పొలిమేర దాటలేదు.

నాది పోచారం. నిజాం సర్కారు 1916, 1922 నడుమ ఆలేరు వాగుకు అడ్డంగా కట్టిన ప్రాజెక్టు ఉన్న పోచారమే. ఇవాళ్టి లెక్కలో నాగిరెడ్డిపేట మండలం, కామారెడ్డి జిల్లా. 2016 అక్టోబర్ దాకా మేమంతా నిజామాబాద్ జిల్లా వాళ్లం. చెరువు అవతలి అడవి నిజాం వేటకు పోయిన అడవి. 1952 నుంచి అది అభయారణ్యం. చదువు అబ్బక నేను పెట్రోమాక్స్ లైట్లు కిరాయికి ఇచ్చే దుకాణంలో కుదిరాను. తర్వాత సొంతంగా లైట్లు, ఆ తర్వాత మైకు సెట్టు పెట్టుకున్నాను. పెండ్లిళ్లకు, బోనాలకు, ఎలక్షన్లకు, భాగోతాలకు వెలుతురు మోసిన మనిషిని కాబట్టి, చిందు మేళాన్ని జనం చూసిన దిక్కు నుంచి కంటే తెర వెనుక నుంచే ఎక్కువ చూశాను.

మేళం ఎట్లా తయారైతదో ముందు చెప్పాలి. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రితులు. ఏ ఊళ్లు ఏ కుటుంబం కిందికి వస్తాయో తాతల నాడే తేలిపోయి ఉంటుంది. ఆ హక్కును మిరాశి అంటారు. ఒకరి మిరాశి ఊరికి మరొకరు పోయి ఆడరాదు. ప్రాజెక్టు నీళ్లు పారి, వరి కోతలై, కల్లాలు లేచినంక మేళం దిగేది. మాదిగ ఇండ్లు తమకు వచ్చిన గింజల్లో నుంచి వాళ్ల వంతు తీసి పెట్టేవి. ఆటకు ముందు జాంబవ పురాణం చెప్పాలి. ఎల్లమ్మ పండుగైతే ఎల్లమ్మ వేషం కట్టాలి. అవి కొలువు పనులు. ఆ తర్వాత రాత్రుళ్లు భాగోతం: సారంగధర, చెంచులక్ష్మి, బాలనాగమ్మ, అల్లిరాణి. చెర్విరాల భాగయ్య కవి రాసిన యక్షగానాలు అచ్చయి మా దిక్కు ఊరూరా చేరినంక కొత్త ఆటలు కూడా వచ్చి కలిశాయి.

మేళం అంటే ఒకటి రెండు కుటుంబాలు. మద్దెల కొట్టేది పెదనాన్న, హార్మోనియం పెట్టె ముందు కూసునేది మేనమామ, తాళాలు ముసలవ్వవి. పిల్లలను పరీక్ష పెట్టి ఎంచుకునే పని లేదు. నడక రాగానే బాలకృష్ణుడి వేషం కట్టి నిలబెడతారు. ఆ పిల్ల జనానికి జడవకుండా నిలబడితే చాలు, మిగతాది ఏండ్ల మీద వస్తది. పన్నెండేండ్లకు చెలికత్తె, పదహారుకు చెంచులక్ష్మి, పాతికకు చిత్రాంగి. గొంతు ముదిరి, కాలు బరువెక్కినంక రాజు. పండ్లు ఊడినంక తాళాలు పట్టుకొని వంత పాట. ఒక్క ఆడమనిషి బతుకంతా ఆ మేళంలోనే ఒక వేషం నుంచి ఇంకో వేషానికి జరుగుతూ పోయేది. ముసలిదైపోయిందని ఎవర్నీ పక్కన పెట్టింది లేదు.

నేను లైట్లు మోసే కొత్తలో ఒక రాత్రి సారంగధర ఆడుతున్నారు. చీకటి పడకముందే వేషాలు మొదలు. నల్లటి బండ మీద అర్దలం నూరి, పసుపు పచ్చని ఆ ముద్దను వేళ్లతో మొఖానికి పూసుకుంటారు. పైన కాటుకతో కనుబొమ్మలు, మీసాలు. అద్దం అరచేయంత. దాన్ని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటారు. కిరీటం, భుజకీర్తులు పొనికి కర్రవి. తేలికైన కర్ర. దాని మీద రంగు కాగితాలు, అద్దం ముక్కలు అతికిస్తారు. లైటు పడితే అదే బంగారం. ఆ రాత్రి రాజరాజ నరేంద్రుడి వేషం మేళం పెద్దమ్మది. ఒంటి మీద కవచం, కాళ్లకు బారెడు గజ్జెలు. ఇంతలో వెనుక చాప మీద పండిన పసిగుడ్డు లేచి ఏడ్చింది. ఆమె బిడ్డే. కిరీటం తీసి చాప మీద పెట్టింది, మీసం అట్లనే ఉండగా బిడ్డను ఒళ్లో వేసుకొని పాలిచ్చింది. బయట మద్దెల మోగుతున్నది. దరువు మారగానే బిడ్డను ముసలవ్వ చేతుల్లో పెట్టి, కిరీటం ఎత్తుకొని, తెర దగ్గరికి పోతూ పోతూ నన్ను చూసి, "ఓ లైట్ల పిలగా, వెలుగు తగ్గింది, పంపు కొట్టు" అన్నది. తెర దించేసరికి అక్కడ నిలబడ్డది రాజే. జనంలో ఒక్కరికీ వేరే అనుమానం రాలేదు. తెల్లవారుజామున సారంగధరుడి కాళ్లు చేతులు నరకమని ఆ రాజు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ముందు వరుసలో కూసున్న ముసలమ్మలు రాజును నోరారా తిట్టారు.

ఈ మేళాల్లో నుంచి పై మాటకు వచ్చిన పేరు చిందుల ఎల్లమ్మ. మా ఉమ్మడి జిల్లా ఆడబిడ్డే. బోధన్ దగ్గరి అమ్దాపూర్ ఆమె ఊరు. చిన్ననాడే బాలవేషంతో రంగంలోకి దిగి, ముసలితనం దాకా ఆట విడువలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. ఆమె చెప్తుంటే రాసుకున్న జీవితకథ పుస్తకంగా వచ్చింది. బడి మొఖం చూడని మనిషి, రాత్రంతా ఆడే ఆటలను పదానికి పదం నోట పెట్టుకున్నది. అట్లాంటి ఆడవాళ్లు ఆమెకు ముందూ ఉన్నారు, ఆమెతోనూ ఉన్నారు. పత్రికలకు ఎక్కింది ఆమె ఒక్కతే.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం, జపాన్ దాకా. నా మనవరాలు ఫోన్‌లో చూసే పాటల్లో ఒక బృందం ఉన్నది. ఏకేబీ ఫార్టీ ఎయిట్ అని పేరు. టోక్యోలో అకిహబరా అనే ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఉన్నది. అక్కడ ఒక దుకాణాల భవనం ఎనిమిదో అంతస్తులో, 250 మంది పట్టే చిన్న థియేటర్లో 2005 డిసెంబర్ 8న ఆ పిల్లల ఆట మొదలైంది. టికెట్టు కొని వచ్చిన మామూలు ప్రేక్షకులు ఆ రోజు ఏడుగురు. పాటల రచయిత అకిమోతో యసుషి దానికి సూత్రధారి. టీవీలో దూరంగా కనిపించే తారలు కాకుండా, రోజూ పోయి చూడగలిగే, చేయి కలపగలిగే తారలు కావాలన్నది అతని ఆలోచన. సీడీ కొన్నవాళ్లకు చేయి కలిపే అవకాశం. 2009 నుంచి 2018 దాకా సీడీతో పాటు ఓటు కూడా. ఏడాదికొకసారి ఎలక్షన్ పెట్టి, ఎవరికి ఎన్ని ఓట్లు పడితే వాళ్లు ముందు వరుసలో. పెద్దదైన పిల్ల ‘పట్టా’ పుచ్చుకొని వెళ్లిపోతది, కొత్త పిల్ల వస్తది. పిల్లలు మారుతారు, బృందం మారదు. అట్లా నగోయా, ఒసాకా, ఫుకుఓకా నగరాలకు, అక్కడి నుంచి ఇండోనేషియాలోని జకార్తాకు కొమ్మలు వేసింది. 2019లో ఢిల్లీ, ముంబయి పేర్ల మీద కూడా బృందాలు వస్తున్నాయని ప్రకటించారు.

అంతకు ముందే 1997లో ఒక టీవీ పోటీలో ఓడిన ఐదుగురు పిల్లలకు, ఐదు రోజుల్లో యాభై వేల సీడీలు అమ్మితే అవకాశం ఇస్తామని పందెం పెట్టారు. అమ్మి చూపించారు. మార్నింగ్ ముసుమే అనే బృందం అట్లా పుట్టింది. ఇంకా వెనక్కి పోతే తకరజుక. కొబయాషి ఇచిజో అనే రైలు కంపెనీ యజమాని, తన రైలు ఆఖరి స్టేషన్‌కు జనం రావాలని, అక్కడి వేడినీళ్ల స్నానాల ఊళ్లో 1913లో ఆడపిల్లల గానబృందం కూర్చాడు. 1914 ఏప్రిల్‌లో మొదటి ఆట. ఆ మొదటి రంగస్థలం, నడవక మూతపడ్డ ఈతకొలను మీద పలకలు పరిచి కట్టింది. తకరజుకలో అందరూ ఆడవాళ్లే. రాజులూ వాళ్లే, రాణులూ వాళ్లే. మగవేషం కట్టేవాళ్లకే అభిమానులు ఎక్కువ. వాళ్లకు రెండేండ్ల బడి ఉన్నది, సొంత థియేటర్లు ఉన్నాయి, నూరేండ్లు దాటినా ఇప్పటికీ టికెట్లు దొరకవు.

ఇవన్నీ మనవరాలు చదివి చెప్తుంటే నాకు మా పెద్దమ్మ కిరీటం యాదికి వచ్చింది. ఆడవాళ్లు రాజులై ఆడటం అక్కడ ఒక యజమాని ఆలోచనతో మొదలైంది. మా దిక్కు అది ఏ యజమానీ పెట్టకుండానే నడిచింది. కానీ ఒక తేడా నాకు బాగా తగిలింది. తకరజుకలో పెండ్లి చేసుకుంటే మేళం విడిచిపెట్టాలి. ఏకేబీలో ప్రేమ కూడా తప్పే. 2013లో ఒక సభ్యురాలు ప్రియుడి ఇంటికి పోయిన సంగతి పత్రికలో వచ్చిందని గుండు చేయించుకొని, ఏడుస్తూ వీడియోలో క్షమాపణ చెప్పింది. అక్కడ పిల్ల పెద్దదైతే ఆట అయిపోతది. చిందు మేళంలో తల్లి అయినా రాజే, అవ్వ అయినా మేళం మనిషే.

అక్కడున్నవి మా దిక్కు లేనివి కూడా చెప్పాలి. జీతం, బడి, సొంత జాగా, టికెట్టు. చిందు ఆడబిడ్డకు వచ్చింది గింజలు, పాత చీరలు, కొంచెం చిల్లర. ఊరి నడుమ కచేరి కాడ ఆడితే ఒక వరుస, వాడలో ఆడితే ఒక వరుస. రాత్రి రాజుగా చూసి దండం పెట్టినవాళ్లే పొద్దున ఆమెను గడప బయట నిలబెట్టి నీళ్లు పోశారు. ఎల్లమ్మ దేవత పేరు మీద జోగిని అయిన ఆడవాళ్ల బతుకు మా జిల్లాలో ఎంత ఘోరమో అందరికీ ఎరుకే. వర్ని దగ్గర హేమలత, లవణం దంపతులు దాని మీదనే ఏండ్లకు ఏండ్లు పనిచేశారు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. జోగినుల మీద పడ్డ చెడ్డచూపే గజ్జె కట్టిన ప్రతి చిందు ఆడమనిషి మీదా పడింది. కాబట్టి పిల్లలను బడికి పంపి, "ఈ ఆట మాతోనే ఆఖరు" అన్న తల్లులను నేను ఒక్క మాట అనలేను.

మేళాలు తగ్గడానికి ఒక్క కారణం చెప్పలేం. టూరింగ్ టాకీసు వచ్చింది, టీవీ వచ్చింది, అది అందరూ అనే మాటే. నా లెక్కలో అంతకంటే పెద్ద దెబ్బ కల్లం పోవడం. కూలి పైసల్లోకి మారింది, వడ్లు మిల్లుకు పోయాయి. గింజల్లో వంతు తీసే చేయి లేకపోతే మిరాశి కాగితం మీది మాటే. కొంత పాపం నా మైకుదీ. మైకు లేనప్పుడు గొంతు ఎంత దూరం పోతే అంత దూరం జనం దగ్గరికి జరిగి కూసునేవాళ్లు. మైకు వచ్చినంక దూరం నుంచి వినొచ్చు అనుకున్నారు. తర్వాత ఇంట్లో నుంచి వినొచ్చు అనుకున్నారు. తర్వాత మరిచారు.

2002 సెప్టెంబర్ 30న మా కామారెడ్డిలోనే మొదటి తెలంగాణ ధూంధాం జరిగింది. ఆట, పాట ఉద్యమాన్ని మోశాయి. ఊరి గొంతుకు వేదిక దొరికింది, ఆడపిల్లలు వేలమంది ముందు మైకు పట్టుకున్నారు. అది చిన్న విషయం కాదు. అయితే వేదిక మీద ఒక పాటకు ఐదు నిమిషాలు ఇస్తారు. రాత్రంతా సాగే సారంగధరకు ఆ వేదిక చాలదు. 2024లో జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి పద్మశ్రీ వచ్చింది. మా దిక్కు వాళ్లందరం సంతోషపడ్డాం. ఆ వరుసలో మేళం పెద్దమ్మలు కూడా ఎక్కాలి.

మేళం బతకాలంటే గొంతు, కాలు బాగుంటే సరిపోదు. నెల తిరిగితే పైసలు వచ్చే ఏర్పాటు ఉండాలి. జపాన్ వాళ్లకు ఆ ఏర్పాటును రైలు కంపెనీ చేసింది, సీడీ కంపెనీ చేసింది. మాకు ఒకప్పుడు కల్లం చేసింది, కాకపోతే కులం షరతు మీద చేసింది. ఆ షరతు పోయింది, మంచిదే. దాని జాగాలో జీతం రాలేదు, అదీ లోపం.

మా మండలంలో బోనాలకు, గణపతికి డీజే బాక్సుల మీద పెట్టే కిరాయి ఎంతో, ఆ వ్యాపారంలో ఉన్నోణ్ణి కాబట్టి నాకు తెలుసు. అందులో సగం పెడితే ఒక మేళం మూడు రాత్రులు ఆడుతది. యాసంగి కోతలైనంక మీ ఊరికి ఒక చిందు మేళాన్ని పిలవండి. బడి ముందర, ఊరి నడుమ ఆడించండి. మద్దెల మనిషికి, హార్మోనియం మనిషికి, వేషం కట్టిన ప్రతి ఆడబిడ్డకు ఒక్కొక్కరికి విడిగా పైసలు చేతిలో పెట్టండి. ఊళ్లో మీరు తినే పంక్తిలోనే వాళ్లకు అన్నం పెట్టండి. లైట్లు నేను కిరాయి లేకుండా తెస్తా.