స్త్రీలలో ఊబకాయం, బోలు ఎముకల వ్యాధి: జన్యు సంబంధాలు

ఒళ్లున్న ఆడమనిషికి ఎముకలు గట్టిగా ఉంటాయన్నది మన ఊళ్లలో పాతుకుపోయిన నమ్మకం. అందులో సగమే నిజం. బరువు మోసే ఎముక ఆ మేరకు గట్టిపడుతుంది. ముట్లుడిగి అండాశయాలు ఈస్ట్రోజెన్ ఆపేశాక, కొవ్వులోని ఆరోమాటేజ్ అనే ఎంజైము ఆ హార్మోనును కొంత తయారుచేసి ఎముకను ఆదుకుంటుంది. హైదరాబాద్‌లో తక్కువ ఆదాయం ఉన్న 30–60 ఏళ్ల స్త్రీలను జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించింది. 2005లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు 29 శాతం మందికి తుంటి దగ్గర ఎముక బోలుబారింది. శరీర బరువుకూ ఎముక సాంద్రతకూ సంబంధం ఉన్నట్టు కూడా అందులో తేలింది.

మిగతా సగం ఎముక మజ్జలో ఉంది. ఎముకను కట్టే కణం, కొవ్వును దాచే కణం ఒకే మూలకణం నుంచి పుడతాయి. రన్‌ఎక్స్2 జన్యువుది పైచేయి అయితే ఎముక కణం, పీపీఏఆర్-గామాది అయితే కొవ్వు కణం. వయసు మీదపడేకొద్దీ తూకం కొవ్వు వైపు మొగ్గుతుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు విడిచే వాపు రసాయనాలు ఎముకను అరగదీసే కణాలను రెచ్చగొడతాయి. చైనా, అమెరికా జనాభాలపై 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, శరీర బరువు మోపే భారాన్ని లెక్కలోంచి తీసేసి చూస్తే, కొవ్వు పెరిగేకొద్దీ ఎముక తగ్గుతున్నట్టు కనబడింది.

కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోను జన్యువును 1994లో గుర్తించారు. అది ఆకలినే కాక, మెదడు ద్వారా ఎముక నిర్మాణాన్నీ అదుపు చేస్తుందని 2000లో ఎలుకల్లో తేలింది. ఒళ్లు నిండా లెప్టిన్ ఉన్నా దాని మాట వినని డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ అనే ఊబకాయపు ఎలుకల జాతి జాతీయ పోషకాహార సంస్థ జంతుశాలలోనే పుట్టడం, ఆకలి మీద ఆ అదుపు తప్పితే ఏమవుతుందో చెప్పే దగ్గరి ఉదాహరణ. కవలల అధ్యయనాలను బట్టి మనిషికీ మనిషికీ ఎముక సాంద్రతలో ఉండే తేడాల్లో 50–85 శాతం, శరీర బరువు సూచికలో 40–70 శాతం వారసత్వానివి. ఇది ఏ ఒక్క జన్యువు పనీ కాదు. వందల జన్యువులు తలా పిసరు చేస్తాయి.

ఆ పిసరు ఎటు తిరుగుతుందో బతుకు తెరువు కూడా తేలుస్తుంది. రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చుట్టే స్త్రీ ఒళ్లో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొన మడిచేలోపే చేయి మరో ఆకు మీదికి పోతుంది. కూర్చున్న చోటు కదలదు, ఎండ ఒంటికి తగలదు. పొట్ట పెరుగుతుంది, విటమిన్ డి తగ్గుతుంది. ఆ సుఖం లేని కూర్చోవడాన్ని బద్ధకం అనడం అన్యాయం. ఎండ కాసే తిరుపతి పరిసరాల్లోనూ విటమిన్ డి లోపం, ఆహారంలో కాల్షియం కొరత విస్తారంగా ఉన్నట్టు అక్కడి వైద్యులు 2007లో చూపారు. అమ్మానాన్నలు ఇచ్చిన జన్యువులు బలహీనమైనవైతే ఈ లోటు మరింత గట్టిగా తగులుతుంది.

రోగనిర్ధారణకు జన్యు పరీక్ష అక్కర్లేదు. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి ఇచ్చే అంకె) −2.5 లేదా అంతకన్నా తక్కువైతే బోలు ఎముకల వ్యాధి అంటారు. ఊబకాయం ఉన్న స్త్రీలలో చీలమండ విరగడం ఎక్కువన్నది 2011లో అంతర్జాతీయ గ్లో అధ్యయనం తేల్చిన విషయం. కాబట్టి లావుగా ఉందని పరీక్ష మానకూడదు. స్కాన్ దొరకని చోట 2008లో వచ్చిన ఫ్రాక్స్ లెక్కతో పదేళ్లలో ఎముక విరిగే ముప్పును అంచనా వేయవచ్చు. ఆ లెక్క వారసత్వాన్ని ఒక్క ప్రశ్నతో పట్టుకుంటుంది: మీ అమ్మకో నాన్నకో తుంటి ఎముక విరిగిందా?