మనకంటే ముందు వెళ్ళినవాళ్ళు

మన సోషల్ మాస్టారు సంవత్సరాలు వల్లె వేయిస్తుంటే విసుక్కున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఇవాళ అలాంటి కొన్ని సంవత్సరాలే ఇక్కడ రాస్తున్నాను. మాస్టారు చూస్తే నవ్వుకుంటారు.

1998లో ఉద్యోగం మీద కాలిఫోర్నియా చేరినప్పుడు, నా చదువే నన్ను అక్కడికి తీసుకొచ్చిందనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్‌కి వెళ్ళాం. 1910 నుంచి 1940 వరకు పసిఫిక్ దాటి వచ్చినవాళ్ళని ఆపి విచారించిన చోటు అది. చైనావాళ్ళని వారాలు, నెలల తరబడి ఉంచేవారు. చెక్క గోడల మీద వాళ్ళు చెక్కుకున్న కవితలు ఇప్పటికీ ఉన్నాయి. మీ ఊళ్ళో ఇళ్ళెన్ని, మీ ఇంటికి మెట్లెన్ని, ఇంట్లో బియ్యం ఎక్కడ పెడతారు అని అడిగేవారట. తండ్రి జవాబుకీ కొడుకు జవాబుకీ పొంతన కుదరకపోతే వెనక్కి పంపేసే ప్రమాదం ఉండేది.

"నాన్నా, మీ బడికి మెట్లెన్ని?" అని అడిగింది మా అమ్మాయి. పదో తరగతి దాకా ఎక్కి దిగిన మెట్లు. చెప్పలేకపోయాను.

అప్పటినుంచి ఆ చరిత్ర చదువుతున్నాను. సియెర్రా నెవాడా కొండల్లో గ్రానైట్ తొలిచి రైలు సొరంగాలు చేసిన కూలీల్లో అత్యధికులు చైనావాళ్ళే. 1867లో తెల్ల కూలీలతో సమానంగా జీతం కావాలని సమ్మె చేస్తే, తిండి సరుకులు ఆపి సమ్మె విరగ్గొట్టారు. 1869లో లైను పూర్తయింది. 1882లో చైనా కూలీలు దేశంలో అడుగుపెట్టకూడదని చట్టం చేశారు.

మనవాళ్ళ సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరిన భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీకి, తెల్లవాడు కాదన్న కారణంతో 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వ అర్హత లేదంది. 1946లో ఆ అడ్డు తీశారు కానీ, భారతీయుల కోటా ఏడాదికి 100 మందే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అక్కడ పరిశోధనలు చేసిన కాలంలో చాలా భాగం, భారతీయులకి పౌరసత్వం అడిగే హక్కే లేదు. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలు 1965 చట్టంతో పోయాయి. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం దేశాన్ని కదిలించిన రోజులవి. నేను దర్జాగా నడిచి వెళ్ళిన తలుపు అలా తెరుచుకుంది.

మరో పేరు చెప్పాలి. వాంగ్ కిమ్ ఆర్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటమనిషి. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు మా పౌరుడివి కాదని రేవులోనే ఆపేశారు. ఆయన కోర్టుకెక్కాడు. ఈ గడ్డ మీద పుట్టినవాడు పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేను తాత్కాలిక వీసా మీద ఉండగా పుట్టిన మా అమ్మాయికి అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. నాకు గ్రీన్ కార్డు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ పాస్‌పోర్టు వెనక ఉన్నది నా డిగ్రీ కాదు, ఆ వంటమనిషి పట్టుదల.

మన బడి నుంచి ఇంకా చాలామంది పిల్లలు విదేశాలకి వెళతారు. వీసా కాగితాలతో పాటు ఈ కథ కూడా చెప్పి పంపుదాం. అక్కడ తమ తర్వాత వచ్చినవాళ్ళని చిన్నచూపు చూడకుండా ఉంటారు.

స్వర్ణోత్సవానికి మా అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తున్నాను. ముందు మెట్లు లెక్కపెట్టాలి.