ఇంజను అతుకునకు జిగురు వలయునా?

దుగ్గిరాల నుండి పెదగంజాము వరకు సాగు కొమ్మమూరు కాలువ ఒకప్పుడు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటగ కూడ నుండెను. పడవలు కట్టు పనివారికి తరతరములుగ తెలిసిన పద్ధతి యొకటి కలదు. పలకకును పలకకును నడుమ సందున నార గాని దూది గాని కూరి, దానిపై నూనెతో కాచిన గుగ్గిలమును పూయుదురు. నార సందును నింపును. నారలో మిగిలిన సన్నని దారులను గుగ్గిలము మూయును. నార లేక గుగ్గిలమే పూసినచో అది అలల తాకిడికి పగులును. గుగ్గిలము లేక నారయే కూరినచో నీరు ఊరును. ఏది చేయు పని దానిదే.

ఆ పడవల కాలము గతించినది. అయినను నేడు గుంటూరు, ప్రకాశము మండలములలో మోటారు సైకిలు ఇంజనును విప్పి మరల కూర్చుచున్న మెకానికు మనస్సున మెదలు సందేహము కూడ ఇట్టిదే. రెండు లోహపు ముఖముల నడుమ వేయు గాస్కెట్టును మన షెడ్లలో ప్యాకింగు అందురు. దానిని పొడిగ వేయవలెనా, జిగురు పూసి వేయవలెనా? ఒక షెడ్డులో జిగురు లేక ఏ మూతయు బిగింపరు. ప్రక్క షెడ్డులో జిగురు పూయుటయే చేతకానితనమందురు. ఈ వివాదమునకు తీర్పు ఇంజనుల చరిత్రలోనే కలదు.

1712లో ఇంగ్లండున న్యూకామెన్ నెలకొల్పిన ఆవిరి యంత్రములో పిస్టను అంచున తోలు అమర్చి, పైన నీరు నిలిపి, లోనికి గాలి చొరకుండ చేసిరి. పిదప జేమ్సు వాట్ నీటిని మాని, కొవ్వులో తడిపిన నారను పిస్టను చుట్టు కూర్చెను. ఆవిరి గొట్టముల అతుకులకు సిందూరమును అవిసెనూనెతో మెదిపిన ముద్ద వాడుకలోనికి వచ్చెను. తోలు, నార, నూనె, సిందూరము: పడవ పనివారి సామగ్రియే కొంత మారి యంత్రశాలలో ప్రవేశించినదని చెప్పవచ్చును.

మన మైదానములకు ఈ విద్య పత్తి మిల్లులతోను, బియ్యపు మిల్లులతోను వచ్చెను. కృష్ణా, గుంటూరు, నెల్లూరు మండలములలో పండిన పత్తి కాకినాడ రేవు నుండి ఎగుమతి యగుటచే విదేశ విపణిలో దానికి ఆ రేవు పేరే స్థిరపడెను. గింజను వేరు చేయు జిన్నింగు యంత్రములను, బేళ్ళు కట్టు ప్రెస్సులను నడపుటకు ఆవిరి, తరువాత చమురు ఇంజనులు తోడ్పడెను. కదలు కడ్డీల చుట్టు ఆవిరి కారకుండ వేయు ప్యాకింగు తాడు కూడ నూలుతోనో, నారతోనో అల్లినదే. యంత్రము పత్తిని శుభ్రపరచుచుండగ, ఆ జాతి నూలే యంత్రపు కీళ్ళను కాపాడుచుండెను.

20వ శతాబ్ది తొలి దశకమున మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ చమురు ఇంజనులతో బావుల నీరు తోడు ప్రయోగములు సాగించెను. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ ఏర్పడెను. ఎడ్లు కపిల తోలిన బావుల యొద్ద క్రమముగ ఇంజను చప్పుడు వినవచ్చెను. ఈ కొత్త యంత్రములో నిప్పు బయటి పొయ్యిలో లేదు. సిలిండరు లోపలనే కలదు. ఆ వేడికి నూలు కాలిపోవును. అందుచే రాగిరేకును, రాతినారయగు ఆస్బెస్టాసును హెడ్డు ప్యాకింగునకు వాడిరి. ఈ రాతినార మన కడప మండలములోని పులివెందుల ప్రాంతమున కూడ గనులలో లభించెను.

జిగురు విషయమున మన దేశపు వస్తువే లోకమున పేరొందెను. చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టు లక్కను శుభ్రపరచి, సారాయములో కరగించి, షెల్లాకను పేర అతుకులకు పూసిరి. మూతల యొద్దను, కాగితపు ప్యాకింగుల యొద్దను ఇది చక్కగ పనిచేసెను. కాని లక్కయింటి కథ విన్న మనకు, లక్క నిప్పుకు ఎంతవరకు ఆగునో వేరుగ చెప్ప పనిలేదు. హెడ్డు అతుకునకు అది తగదు. హెడ్డు ప్యాకింగును కాపాడునది సమమైన ముఖములును, బోల్టుల క్రమమైన బిగింపునే కాని పూత కాదు.

1955లో మద్రాసు సమీపమున తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ నెలకొనెను. 1960ల తొలినాళ్ళలో మైసూరు నుండి జావా, ఎస్కార్ట్సు సంస్థ నుండి రాజదూత్ మోటారు సైకిళ్ళు వచ్చెను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. 1970లో ఒంగోలు కేంద్రముగ కొత్త మండలము ఏర్పడి, 1972లో ప్రకాశము పేరు దాల్చెను. తరువాతి దశాబ్దములలో పల్లె రైతు మిరపకల్లమునకును, పత్తి చేనికిని, గుంటూరు యార్డునకును ఎక్కి తిరుగు వాహనము మోటారు సైకిలయ్యెను. అతుకు ప్రశ్న మిల్లు గోడలు దాటి రైతు వాకిటికి వచ్చెను.

పాత 346 సి.సి. బుల్లెట్టు ఇంజనునే చూడుడు. దాని క్రాంకుకేసు రెండు భాగములు. వాని నడుమ ప్యాకింగు లేదు. లోహము లోహమును తాకును. ఇంజను చమురు తొట్టి కూడ ఆ పోతలోనే కలదు. కనుక అచ్చట పలుచని జిగురు పూత తప్పనిసరి. అదే ఇంజను కుడివైపు టైమింగు మూతకు కాగితపు ప్యాకింగు కలదు. ఆ మూతలో చమురు పంపులును, చమురు నడచు రంధ్రములును కలవు. ఇచ్చట దట్టముగ జిగురు పూసినచో బిగించినప్పుడు అది లోనికి పొంగి రంధ్రమును మూయును. బయటికి చుక్క కారదు. యజమాని సంతోషించును. లోపల మాత్రము బిగ్‌ఎండు బేరింగు చమురు లేక మాడిపోవును. చుక్క చమురు కారిన ఇంజను మరమ్మతుకు వచ్చును. చమురు అందని ఇంజను మరణమునకు వచ్చును.

రాజదూత్, జావా వంటి రెండు స్ట్రోకుల ఇంజనులలో సంగతి వేరు. పెట్రోలును గాలియు కలిసిన మిశ్రమము క్రాంకుకేసు ద్వారానే సిలిండరునకు పోవును. ఆ అతుకు వదులైనచో బయటి గాలి లోనికి చొరబడును. మిశ్రమము పలుచనై, వేడి హెచ్చి, పిస్టను బోరులో పట్టుకొనును. నడిరోడ్డుపై వెనుక చక్రము బిగిసినచో నడుపువాని ప్రాణమునకే ముప్పు. ఇచ్చట అతుకును ఉపేక్షించుట తగదు.

ఇక నేటి జిగురులు. సిలికోనుల వాణిజ్యోత్పత్తి 1940లలో అమెరికాలో ఆరంభమయ్యెను. 1953లో హార్టుఫర్డులోని ట్రినిటీ కళాశాల రసాయనాచార్యుడు వెర్నాన్ క్రీబుల్, గాలి తగులనిచోట గట్టిపడు జిగురును రూపొందించెను. ఈ రెండింటి స్వభావము పరస్పర విరుద్ధము. సిలికోను గాలిలోని తేమతో గట్టిపడును. కనుక లోనికి పొంగిన భాగము రబ్బరు పోగులుగ మారి, తెగి, చమురు జల్లెడను మూయవచ్చును. సాధారణ సిలికోను పెట్రోలునకు ఉబ్బును. కావున కార్బురేటరు అతుకునకు పనికిరాదు. రెండవ రకము బిగిసిన లోహముల నడుమ మాత్రమే గట్టిపడును. మిగిలినది ద్రవముగనే యుండి చమురులో కలిసిపోవును. కాని సందు వెడల్పుగ నున్నచోట అది నిలువదు. కావున ఏ జిగురు అని అడుగక ముందు ఏ అతుకు అని అడుగవలెను.

ఎన్నిమార్లు పూసినను కారుచునే యుండు ఇంజనులు కొన్ని కలవు. వాని దోషము తరచు అతుకులో నుండదు. పిస్టను దిగునప్పుడు క్రాంకుకేసులోని గాలి ఒత్తిడికి గురియగును. ఆ గాలి పోవు బ్రీదరు దారి దుమ్ముతోనో, నల్లరేగడి బురదతోనో పూడినచో, చమురు ఏ సందు దొరికిన ఆ సందున వెలువడును. పుండొకచోట, మందొకచోట అన్నట్లు అప్పుడు ఎంత జిగురు పూసినను ఫలము లేదు. స్క్రూడ్రైవరుతో పెకలించుటచే గాటుపడిన ముఖము, అతిగ బిగించుటచే వంగిన మూత కూడ ఇట్టివే. సమమైన గాజుపలకపై మూతను బోర్లించి చూచిన ఆ వంపు తెలిసిపోవును.

మరియొక హెచ్చరిక మెకానికుల ఆరోగ్యమునకు సంబంధించినది. పాత ప్యాకింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అన్ని రకముల ఆస్బెస్టాసు కాన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంటుకొన్న ప్యాకింగును పొడిగ గీకి, తీగ బ్రష్షుతో రుద్ది, ధూళిని నోటితో ఊదుట ప్రమాదకరము. తడిపి, మెల్లగ తీసి, తడిగుడ్డతో తుడువవలెను. షెడ్డులో పని నేర్చుకొను పిల్లవానికి మొదట నేర్పవలసిన పాఠమిదియే.

తీర్పు ఇట్లు తేలుచున్నది. తయారుచేసినవారు ప్యాకింగు లేక కూర్చినచోట జిగురు అవసరము. కొత్త ప్యాకింగును, సమమైన ముఖములును కలచోట పొడి కూర్పే మేలు. ముఖమున చిన్న గీతలున్నచో పలుచని పూత చాలును. హెడ్డు అతుకునకు తయారీదారు చెప్పినదే ప్రమాణము. చమురు రంధ్రముల చుట్టు చేయి పొదుపుగ నుండవలెను. మిరప కోతల వేళ బండి నిలిచిన రైతునకు మెకానికు చేతి నిదానమే అక్కరకు వచ్చును. కొమ్మమూరు కాలువపై పడవ తేలినది గుగ్గిలము మెండుగ పూసినందున కాదు. పలకలు సరిగ కుదిరినందున.