ఈస్టు ఒంట్లో మన ప్రోటీను

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకో పాత అలవాటు. కోడ్‌లో ఏదైనా ముక్క ఎందుకుందో తెలియకపోతే తీసేసి చూస్తాం. ఏది ఆగిపోతే అదే దాని పని! మనిషి ఒంట్లోంచి అలా తీసి చూడలేం కదా. అక్కడే ఈస్టు ఆదుకుంది. అవును, బ్రెడ్డులో వేసే ఈస్టే.

1863లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నికొలాస్ ఫ్రీడ్‌రైఖ్ అనే డాక్టరు ఒక నరాల జబ్బు గురించి రాశాడు. చిన్న వయసులోనే నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది, గుండె కూడా దెబ్బతింటుంది. ఆయన పేరుతోనే దాన్ని ఫ్రీడ్‌రైఖ్ అటాక్సియా అంటున్నారు. కారణమైన జన్యువు దొరికేసరికి 1996 వచ్చింది. రోగుల్లో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను బాగా తగ్గిపోతోందని తేలింది. దాని పేరు ఫ్రటాక్సిన్. మరి అది చేసే పనేంటి? అది మాత్రం తెలీదు.

ఈస్టులో దానికో చుట్టం ఉంది, పేరు వైఎఫ్‌హెచ్1. 1997లో దాన్ని తీసేసి చూస్తే మైటోకాండ్రియాలో ఇనుము మామూలుకన్నా పది రెట్లు పేరుకుపోయింది. రోగుల గుండె కండరంలో ఇనుము కనబడుతోందని అంతకు ముందే రాసినవాళ్ళున్నారు. రెండూ అతికాయి.

కానీ పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనలేం కదా! 2000లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం తమ ప్రోటీను పోయిన ఈస్టులోకి మనిషి ఫ్రటాక్సిన్‌ని పంపింది. ఇనుము అదుపులోకి వచ్చింది, ఈస్టు మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. కొందరు రోగుల్లో కనిపించే ఒక తప్పు అక్షరంతో పంపితే మాత్రం కోలుకోలేదు. మనకీ ఈస్టుకీ దారులు విడిపోయి సుమారు నూరు కోట్ల ఏళ్ళయినా స్పేర్ పార్టు సరిపోయిందన్నమాట!

ఇక్కడో మెలిక ఉంది. ఫ్రటాక్సిన్ అసలు పని ఇనుముని అదుపు చేయడం కాదనీ, ఇనుము-గంధకం గుచ్ఛాల తయారీలో సాయపడటమనీ తర్వాత తేలింది. ఆ గుచ్ఛాలు తయారుకాకపోతే ఈస్టు కణం ఇనుము చాలట్లేదనుకుని ఇంకా ఇంకా లాక్కుంటుంది. అంటే పేరుకున్న ఇనుము లక్షణమే, మూలం కాదు. నేను మొదట్లో చెప్పిన సూత్రం తప్పన్నమాట. తీసేస్తే తెలిసేది ఏం చెడిందో మాత్రమే. వేరేది పెట్టి చూస్తే, రెండూ ఒకే పని చేస్తాయని తెలుస్తుంది. ఆ పనేంటో మాత్రం మళ్ళీ వెతుక్కోవాల్సిందే.

ఈ జబ్బుకి అమెరికాలో మొదటి మందు ఒమావెలోక్సోలోన్‌కి అనుమతి వచ్చింది 2023లో. ఫ్రీడ్‌రైఖ్ రాసిన 160 ఏళ్ళకి! అదీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేసేదే. ఈస్టులో కుదిరిన మార్పిడి మనిషిలో కుదరడమే మిగిలింది.