ఉమ్మడి పునాది, వేరు గోడలు

1979లో ఏడవ వెర్షన్ యునిక్సుతో వచ్చిన సీహెచ్‌రూట్ ఫైళ్లను మాత్రమే వేరుపరిచింది. నెట్‌వర్కు ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ జైలు ఒక్కో గదికి ఒక ఐపీ చిరునామా కేటాయించింది. 2008లో లినక్సు కెర్నెల్ 2.6.24తో నెట్‌వర్కు నేమ్‌స్పేసులు మొదలై, తరువాతి విడుదలల్లో పరిణతి చెందాయి. ప్రతి కంటెయినరుకూ సొంత ఇంటర్‌ఫేసులు, రూటింగు పట్టిక, ఫైర్‌వాల్ నియమాలు దక్కాయి. అదే ఏడాది ఎల్‌ఎక్స్‌సీ వెలువడింది. రెండు కంటెయినర్లను వీఈత్ జంటతో కలిపితే నడుమ కేబులున్నట్టే.

నాలుగు రౌటర్లు కొనలేని విద్యార్థి కూడా తన ఒక్క కంప్యూటరులోనే రూటింగు ప్రోగ్రామును పరీక్షించగలగడమే ఈ చరిత్రలో అసలైన మలుపని నేను భావిస్తాను. అయితే మిత్రులారా, గోడలు వేరైనా కెర్నెల్ ఒక్కటే. వేర్వేరు కెర్నెళ్లపై పరీక్షకు నేటికీ వర్చువల్ మెషీన్లే శరణ్యం.